కాటా గదిలో కొత్త అల్లుడు

పెళ్లయిన కొత్తలో కోడుమూరులోని అత్తగారింటికి వెళ్లినప్పుడు నా చెయ్యి ఊరికే ఉండలేదు. మా మామ లారీలు, ట్రాక్టర్లు తూచే కాటా నడుపుతాడు. బరువు చూపించే కంప్యూటర్‌లో రెండు జావాలు కనబడ్డాయి, ఒకటి పాతది, ఒకటి కొత్తది. జావా అంటే కొన్ని ప్రోగ్రాములు నడవడానికి అడుగున ఉండే ఇంజను లాంటిది. ఒక పెట్టెలో రెండెందుకని, ఎవరినీ అడగకుండా పాతదాన్ని పీకేశాను. బెంగళూరులో సాఫ్ట్‌వేరు ఉద్యోగం చేసేవాణ్ణి, నన్ను అడిగేవాడెవడు?

మర్నాడు పొద్దున ఉల్లిగడ్డల మినీ లారీ కాటా ఎక్కింది. మామ ఎప్పటిలాగే అగరుబత్తి వెలిగించి ప్రోగ్రాము నొక్కాడు. తెరుచుకోలేదు. గడ్డలు వానకు తడిసినవి. కర్నూలు మార్కెట్‌లో వేలం దాటితే ఇంకో రోజు ఆగాలి, ఆగితే కుళ్లిపోతాయి. రైతు బండి చుట్టూ తిరుగుతున్నాడు.

నేను కూర్చుని నల్ల తెర తెరిచి కమాండ్ కొట్టాను. వరసగా ఎర్రర్లు. ఆ ప్రోగ్రాముకు కొత్త జావా పనికిరాదు, పాతదే కావాలి. నా చెవులు వేడెక్కాయి. ఫోను నెట్‌తో పాతదాన్ని మళ్లీ దించడం మొదలుపెట్టాను. అది ఎంతకీ దిగదు. ఇంతలో అత్త కాఫీ పంపింది. అల్లుణ్ణి తప్పు పట్టడం ఆ ఇంట్లో లేదు.

రైతు లోపలికి వచ్చాడు. "ఏం శెట్టీ, ఎంతసేపు?"

నేను నోరు తెరిచేలోపే మామ అందుకున్నాడు. "నేనే ఏందో నొక్కినానప్పా, చెడిపోయింది. అల్లుడు బాగు చేస్తాండాడు."

"తెలీని పనికి ఏంటికి పోతావు? ఈడ నా గడ్డలు కుళ్లిపోతాండాయి."

సిగ్గుతో చచ్చిపోయాను. "మామ కాదు, నేనే తీసేసినా" అన్నాను.

రైతు నన్ను మెచ్చుకోలుగా చూశాడు. "చూడు శెట్టీ, నీ పరువు పోకూడదని తప్పు తన మీద ఏసుకుంటాండాడు. శానా మంచోడు దొరికినాడు నీకు."

నిజంగా నేనేనని మళ్లీ చెప్పాను. గట్టిగా చెప్పేకొద్దీ ఇంకా మంచివాణ్ణవుతున్నాను. మామ నా భుజం మీద చెయ్యి వేసి ఊరుకోమన్నట్టు నొక్కాడు. ఊరుకున్నాను.

చివరికి పాత జావా దిగింది. ఈసారి ఉత్తి జావా అని కొట్టకుండా, ఆ పాతది ఏ ఫోల్డరులో ఉందో ఆ దారంతా కొట్టి, దాని వెనక కాటా ప్రోగ్రాము పేరు పెట్టి ఎంటర్ నొక్కాను. తెర మీద బండి బరువు కనబడింది.

రైతు చీటీ తీసుకుని నాకు దండం పెట్టాడు. మామ వైపు తిరిగి, "ఇంక నువ్వు దాన్ని ముట్టుకోవద్దు శెట్టీ" అన్నాడు.

ఇన్నేళ్లుగా ఆ కాటాను ఒక్కడే నడిపిన మనిషి తల వంచుకుని "సరేలేప్పా" అన్నాడు.