సైకిలు ఆగిన చోటు

నేలకొండపల్లి పక్కన మూడు ఊళ్లకు మా ముత్తాత దేశ్‌ముఖ్. శిస్తు ఆయన చేతుల మీదుగానే సర్కారుకు చేరేది. మా తాత ఊరి శిస్తు వసూలు చూసే మాలీపటేల్. ముత్తాత గుర్రం మీద, తాత ఎడ్లు కట్టిన కచ్చడం బండిలో తిరిగేవారని మా వైపు పెద్దలు ఇప్పటికీ చెబుతారు. నాన్నగారి నాటికి పటేల్‌గిరీ పోయింది, భూములు పోయాయి, ‘దొర’ అనే పిలుపు మాత్రం మిగిలింది. నేను రోడ్ల శాఖలో ఇంజనీరుగా చేరి డీఈగా పదవీ విరమణ చేశాను. మా వంశంలో సైకిలెక్కి నలుగురిలో తిరిగిన మొదటివాణ్ణి నేనే. అందుకు ఎన్నడూ చిన్నతనపడలేదు. వీపు నిటారుగా పెట్టి తొక్కాను.

తెలంగాణ వచ్చిన రెండో చలికాలంలో నన్ను బూర్గంపాడు వైపు సబ్‌డివిజన్‌కు వేశారు. ఏఈలు కొలిచి తెచ్చిన పనిని సరిచూసి, పైనున్న ఈఈకి పంపడం డీఈ బాధ్యత. తిరగడానికి జీపు ఉండేది. అయినా చలికాలమంతా సెలవు రోజుల్లో పొద్దున్నే మఫ్లరు చుట్టుకుని సైకిలు మీద బయలుదేరేవాణ్ణి. మంచులో మిరప తోటలు దాటి తునికి చెట్ల మధ్య దారి పట్టేసరికి వేళ్లు కొయ్యబారేవి, ఒళ్లు మాత్రం వెచ్చబడేది. అంతకు మించిన సుఖం నాకు ఉద్యోగంలో దొరకలేదు.

సరదా ఒక్కటే కాదు, సైకిలు నాకు పనిముట్టు కూడా. వాననీళ్లు పక్కలకు జారిపోవాలని రోడ్డు నడుమ కాస్త ఎత్తుగా వేస్తాం. దాన్ని కేంబర్ అంటారు. ఆ ఎత్తు అరిగిపోతే జీపులో కూర్చున్నవాడికి తెలియదు, సైకిలు తొక్కేవాడికి చేతుల్లోనే తెలుస్తుంది.

ఆ ఏడు మా చేతిలో ఉన్న ముఖ్యమైన పని, అడవి అంచున ఉన్న ఒక గూడేనికి వెళ్లే మట్టిదారిని ఎత్తు పెంచి తారు రోడ్డు చేయడం. తారు పడితే బస్సు నడుపుతామని పైవాళ్లు మాట ఇచ్చారు. ఆ మాట తెచ్చింది సర్పంచి నాగమ్మ. దానికోసం ఆమె తిరగని ఆఫీసు లేదు.

పని మొదలుకాక ముందు, ఒక తుఫాను వాన వెలిసిన మర్నాడు, నేను ఆ దారిన వెళ్లాను. గూడెం ఇంకా కనబడకముందే ఒకచోట సైకిలు తొక్కకుండానే సాగింది. కొంత దూరం పోయాక మళ్లీ తొక్కవలసి వచ్చింది. కంటికి అంతా చదునే. అక్కడ వాగు లేదు, కాలువ లేదు. కానీ కుడివైపు వరి మళ్ల నుంచి పలుచని నీటిపొర దారిని దాటి, ఎడమవైపు అడవిలోకి పోతోంది. మా ఎస్టిమేటులో అక్కడ రోడ్డు కింద నీళ్లు దాటడానికి ఒక్క పైపు కూడా లేదు. రోడ్డు ఎత్తు పెంచితే అది ఆనకట్ట అవుతుంది. కుడివైపు మళ్లు లచ్చయ్య అనే రైతువి. వానాకాలంలో అతని వరి మొత్తం మునుగుతుంది.

ఈఈ గారికి చెప్పాను. ఆయన భారీ మనిషి, మంచివాడు, తొందర ఎక్కువ. పైపులు చేర్చాలంటే ఎస్టిమేటు మార్చి హైదరాబాదుకు పంపాలి, అది తిరిగి వచ్చేసరికి పని చేసే కాలం దాటిపోతుంది, బస్సు ఇంకొకరికి పోతుంది అన్నారు. అందులో అబద్ధం లేదు.

ఆ వారం నేను సముద్రానికి వెళ్లాను. అది నాకు ఏటా అలవాటు. కార్తీక మాసపు సముద్రస్నానాల రద్దీ తీరాక, ఖమ్మంలో పొద్దున రైలెక్కి, సైకిలును బ్రేకు వ్యానులో లగేజీగా వేయించి, బాపట్లలో దిగేవాణ్ణి. రైలులో సైకిలు రెండు విధాలుగా పోతుంది. మన వెంట వస్తే లగేజీ, ఒంటరిగా వస్తే పార్సిలు. లగేజీ అయితే దిగిన చోటే చేతికిస్తారు. గాలి, ఇసుక, ఖాళీ దుకాణాలు, ఎండబెట్టిన చేపల వాసన, సాయంత్రం మళ్లీ రైలు.

ఆసారి తీరం వెంట తొక్కుతుంటే ఒకచోట తారు ఆగి, సిమెంటు పలక మొదలైంది. అది పక్క నేలకన్నా పల్లంగా ఉంది. నీళ్ల లోతు తెలియడానికి రెండు వైపులా తెల్లరంగు రాళ్లు పాతారు. నీళ్లు రోడ్డు మీదుగా పోయేలా వేసే కాజ్‌వే నాకు తెలియనిది కాదు, వాగుల మీద ఎన్నో కట్టించాను. వాగు లేని చదును నేల మీద కావాలని పల్లం వదలడం మాత్రం అక్కడే చూశాను. ఖమ్మం నుంచి వచ్చానని చెప్పి, అది ఎందుకని పక్కన టీ కొట్టతన్ని అడిగాను.

“అది మా ఊరి గొంతండి. నీళ్లు మింగడానికి వదిలేరు,” అన్నాడు. తర్వాత నా సైకిలును ఎగాదిగా చూసి, “ఖమ్మం నించి ఇది మోసుకుని టీ కోసవే వచ్చేరేటండి మాస్టారూ?” అన్నాడు. టీ బాగుందని చెప్పి ఇంకోటి తాగాను.

మా గూడెం దారిలోనూ పైపులు లేకుండా, ఉన్న పల్లాన్ని అలాగే ఉంచి సిమెంటు పలక వేస్తే ఆ మార్పు ఈఈ అధికారంలోనే ఉంటుంది. హైదరాబాదు దాకా పోనక్కరలేదు. ఆయన సరేనన్నారు కానీ, ముందు గూడెం వాళ్లను ఒప్పించమన్నారు. ఇద్దరం వెళ్లాం. నేను సైకిలు మీద, ఆయన జీపులో. నేను చెప్పింది విని గూడెం వాళ్లు కోయ భాషలో తమలో తాము చాలాసేపు మాట్లాడుకున్నారు. ఆ తర్వాత నాగమ్మ తెలుగులో మొదలుపెట్టింది.

“అన్ని ఊళ్లకు ఎత్తు రోడ్డు, మాకు గుంతనా? దొరగారి మనుమనివి గద, మేం బస్సెక్కితే నీ కండ్లు మండుతున్నయా సార్?”

నా వంశం ఆమెకు ఎవరు చెప్పారో తెలియదు. నేను ఇక్కడ డీఈని, అంతకుమించి ఎవరినీ కాను అన్నాను. అందరినీ ఆ చోటుకు తీసుకుపోయి, సైకిలెక్కి, ఎత్తు మీద నుంచి తొక్కకుండా వదిలి చూపించాను. అది సాగి ఒకచోట ఆగింది, అక్కడ నేల మీద గీత గీశాం. ఎదురువైపు నుంచి కూడా అలాగే చేశాను. ఆగిన రెండు చోట్ల నడుమ ఎక్కడో నీళ్ల దారి ఉంటుంది.

“నువ్వు బ్రేకు పట్టినవ్,” అన్నది నాగమ్మ.

లచ్చయ్య ముందుకు వచ్చి సైకిలు అందుకున్నాడు. అతనికీ అక్కడే ఆగింది.

“నీ పొలమాయె. నువ్వు పట్టవా బ్రేకు?”

“నా పొలం మునిగినంక నీ బస్సెక్కి యాడికి పోవాలె అక్కా? అడుక్కతినవోవాల్నా?” అన్నాడు లచ్చయ్య.

అందరూ నవ్వారు, ఆమె తప్ప. చివరికి ఆమె చూపు ఈఈ గారి మీద పడింది. “గీ సార్ ఎక్కాలె. ఈయనకు పొలం లేదు, పంతం లేదు.”

ఈఈ గారు నావైపు కొరకొర చూశారు. బూట్లు విప్పి జీపులో పెట్టారు. ఇద్దరు సైకిలు పట్టుకుంటే ఎక్కారు. వదిలారు. ఆయన బరువుకు మాకంటే జోరుగా సాగి, ఊగి, మేం గీసిన గీత దాటి రెండు బారల అవతల ఆగింది. “సార్ జోరు మీద ఉన్నడు,” అన్నారెవరో. రెండోవైపు నుంచీ ఎక్కించారు. ఈసారి ఇటువైపు గీత దాటింది. నడుమ చోటు మాత్రం మారలేదు. మర్నాడు ఏఈ లెవెలింగ్ పరికరంతో కొలిస్తే అంకెలు కూడా అదే చెప్పాయి.

నాగమ్మతో ఒక మాట ముందే చెప్పాను. పెద్ద వాన పడ్డప్పుడు నీళ్లు తగ్గేదాకా బస్సు ఆగుతుంది, దానికి తర్వాత నన్ను అనవద్దు.

“ఆగితే ఆగనియ్. ఆగి వాపసు పోతె మాత్రం నీ క్వార్టరుకొచ్చి కూసుంట,” అన్నది.

వేసవిలోగా తారు పడింది, తెల్లరాళ్లతో సహా పలక పడింది, బస్సు వచ్చింది. వానాకాలంలో ఒక పెద్ద వాన రోజున జీపులో వెళ్లి చూశాను. పలక మీద నుంచి నీళ్లు సాఫీగా పోతున్నాయి. అవతలి ఒడ్డున బస్సు ఆగి ఉంది. డ్రైవరు తెల్లరాళ్ల వైపు చూస్తూ బీడీ కాలుస్తున్నాడు. ముందు సీటులోంచి నాగమ్మ తల బయటపెట్టింది.

“లచ్చయ్య నీళ్లు దాటుతున్నయ్ సార్. జర ఆగున్రి, తర్వాత మేం దాటుతం.”

కుడివైపు వరి నిలబడే ఉంది. కాసేపటికి రాళ్లు బయటపడ్డాయి, బస్సు దాటింది.

రోడ్డు ఎంత ఎత్తు ఉండాలో తేల్చేముందు, దాని పక్కనున్న నేల నీళ్లు ఎటు పోతాయో చూడాలి. ఆ తర్వాత సర్వీసంతా ఏ ఎస్టిమేటు వచ్చినా నేను ముందు చూసింది అదే. కొన్నిచోట్ల నా మాట సాగింది, కొన్నిచోట్ల సాగలేదు.

సాగని చోట్లలో మా సొంత వీధి ఒకటి. మా తాత కట్టించిన ఇంటికి గడప ఎక్కాలంటే మెట్లుండేవి. పాత రోడ్డు తవ్వకుండా దాని మీదే కొత్త రోడ్డు వేస్తూ పోగా మెట్లన్నీ పూడిపోయి, గడప వీధికన్నా పల్లమైంది. వాన పడితే నీళ్లు నడవలోకి వచ్చేవి. నేను రిటైరైన ఏడాది ఆ ఇల్లు అమ్మేశాం. కొన్నవారు దాన్ని పడగొట్టి, స్థలమంతా మట్టి పోయించి, వీధికన్నా ఎత్తు చేసుకున్నారు.