నా బదులు చెల్లెలు

మొన్న మా అమ్మాయి కోచింగ్ సెంటర్ నుంచి నా ఫోనుకు మెసేజ్ వచ్చింది, ఈ రోజు మీ పాప క్లాసుకు రాలేదని. పాప జ్వరంతో నా పక్కనే పడుకుని ఉంది. నాకు నవ్వొచ్చింది. మా చిన్నప్పుడు మా ఇంట్లో ఎవరూ పనికి పోకపోవడమన్నది లేదు. అమ్మ పనిచేసే మిర్యాలగూడ రైస్‌మిల్లులో ఉడికిన వడ్లను గచ్చు మీద ఆరబోసి, ఎండలో కాళ్లతో తిరగేసేవాళ్లు. ఎవరైనా రాలేకపోతే ఇంట్లోంచి బదులు మనిషిని పంపాలి. లేకపోతే ఆ జాగా మేస్త్రీ ఇంకొకరికి ఇచ్చేసేవాడు.

ఎనభైల చివర్లో నేను పదో తరగతి పరీక్షలు రాశాక, సర్కారు హాస్టళ్లలో చదివే ఆడపిల్లల్లో కొందరిని ఏరి, గురుకుల కాలేజీ ప్రవేశ పరీక్షకు సూర్యాపేటలో వేసవి శిక్షణ ఇచ్చారు. వాళ్లలో నేనొకదాన్ని. లెక్కలు ఇంకా ఒంటబట్టకముందే నాకు అమ్మవారు పోసింది. వార్డెనమ్మ ఇంటికి పంపేసింది. అమ్మ నన్ను వేపాకుల మీద పడుకోబెట్టి, చెల్లెలికి తలంటి, రిబ్బన్లు కట్టి సూర్యాపేట తీసుకుపోయింది. అది నాకంటే ఏడాది చిన్నది, అదీ సర్కారు హాస్టల్లోనే చదివేది. దానికి అమ్మవారు ఎప్పుడో వచ్చి పోయింది కాబట్టి ఆ భయం లేదు.

"పెద్దదానికి అమ్మోరు పోసింది సారూ. ఇది దాని సెల్లె. అది వచ్చెదాంక దాని జాగల కూసుంటది," అందట లెక్కల సారుతో. ఆయన ఎంత చెప్పినా అమ్మ కదల్లేదట. చివరికి ఆయనే నవ్వి, సరే కూర్చోనీ అన్నాడట.

ఇంట్లో నేనొక్కదాన్నే మిగిలాను. అమ్మ మిల్లుకు పోయేది. అమ్మవారు పోసిన ఇంటి గడప ఎవరూ తొక్కరు. పక్కింటావిడ కూడా మజ్జిగ గిన్నె వాకిట్లో పెట్టి, ఒక కేక వేసి పోయేది. పగలంతా మిల్లు మోత వింటూ, సీటు పోయినట్టేనని ఏడ్చేదాన్ని. అంత ఒంటరితనం తర్వాత ఏ హాస్టల్లోనూ ఎరగను.

తగ్గాక తలకు పోసుకుని అమ్మతో వెళ్లేసరికి చెల్లెలు గేటు దగ్గరే ఉంది. సారు చెప్పిందంతా గుక్క తిప్పుకోకుండా అప్పజెప్పింది. బట్టీ అనుకున్నాను కాని, నాకంటే దానికే బాగా అర్థమైంది. చివర్లో గొంతు తగ్గించి, "ఇంకో రెండు రోజులుంటనక్కా, గీడ మంచిగుంది," అంది. బస్సు పోతుందని అమ్మ దాని చెయ్యి పట్టుకుని లాక్కెళ్లింది.

సీటు నాకొచ్చింది. మరుసటి ఏడు చెల్లెలు పదో తరగతి రాశాక ఆ శిక్షణకు దాని పేరు వచ్చింది. అప్పటికే అమ్మకు నడుం పట్టేసి, ఆమె జాగాలో చెల్లెలే మిల్లుకు పోతోంది. సెలవులకు వచ్చిన నేను, ఇప్పుడు దాని బదులు నేను పోతానన్నాను. మధ్యాహ్నం బస్సుకు తయారవమని దానికి చెప్పి, పొద్దున్నే మిల్లుకు పోయాను. ఎండెక్కేసరికి గచ్చు పెనంలా కాలింది. అరికాళ్లు బొబ్బలెక్కి కూలబడ్డాను. మేస్త్రీ తిట్టలేదు, పాపం. "సదువుకునే పిల్లవు, నీతోని కాదు బిడ్డా. పోయి నీ సెల్లెను తోలు," అన్నాడు.

కుంటుకుంటూ ఇల్లు చేరాను. చెల్లెలు నా కాళ్లు చూసి, రిబ్బన్లు విప్పేసి, తలకు గుడ్డ చుట్టుకుంది. "జాగ పోతదక్కా," అని మిల్లుకు పోయింది.

అమ్మ నడుం బాగయ్యాక పంపుదామనుకున్నాం. అది బాగయ్యేసరికి చెల్లెలు చదువే మర్చిపోయింది. కాలం ఆ మేస్త్రీ అంత మంచిది కూడా కాదు. ఎవరిని బదులు పంపినా జాగా ఆపదు.