గాభరా టీచరు క్లాసుకు మార్కులొచ్చిన వైనం

ఆ బడిలో మూడో తరగతి చెప్పే టీచరుకు పిల్లలు పెట్టుకున్న పేరు గాభరా టీచరు. ఆ సంగతి ఆవిడకూ తెలుసు. కోపం తెచ్చుకోలేదు సరికదా, "ఉన్నమాటేగా" అని నవ్వేసింది. బస్సు ఆలస్యమైతే గాభరా, ముందే వస్తే ఇంకా గాభరా. ఇంటికి తాళం వేసి వీధి మలుపు దాకా వెళ్లి, వేశానో లేదోనని వెనక్కొచ్చి లాగి చూసుకునే మనిషి. "ఆ తాళమే విసుగెత్తి ఏదో రోజు ఊడి నీ చేతికొస్తుంది" అనేవాడు దర్జీ పని చేసే భర్త.

పాఠం చెప్పడంలో మాత్రం ఆవిడకు ఆవిడే సాటి. భిన్నాలంటే బోర్డు మీద గీతలు గీసి వదిలేయడం కాదు. తలా ఒక కాగితం ఇచ్చి మడిపించి, చింపించి, సగమంటే ఎంతో, సగంలో సగమంటే ఎంతో పిల్లల చేతులకే తెలిసేలా చేసేది. వెనక బెంచీలో కునికే వాడి బుర్రకు ఎక్కేదాకా ముందుకు కదిలేది కాదు.

అలాంటి క్లాసుకు ఉమ్మడి పరీక్షలో ఏటా అట్టడుగు స్థానమే. ఊళ్లోని చిన్న బడులన్నింటికీ ఒకే రోజు, ఒకే ప్రశ్నపత్రం. ఇచ్చిన జవాబుల్లో సరైనది చూసుకుని పక్కనున్న సున్నాను పెన్సిలుతో నింపాలి. తర్వాత తరగతివారీగా ఏ బడి పైన, ఏ బడి కింద అన్న పట్టిక వస్తుంది. అది ఆఫీసు గదిలో అంటించిన రోజున గాభరా టీచరు అటు వైపు నడవకుండా గ్రౌండు చుట్టూ తిరిగి వెళ్లేది.

ఆ ఏడు కొత్తగా వచ్చిన హెడ్మిస్ట్రెస్ ఆవలిస్తే పేగులు లెక్కపెట్టే రకం. ఉమ్మడి పరీక్షకు ముందు ఒక మామూలు క్లాసు టెస్టు జరుగుతుంటే కిటికీ పక్కన నిలబడి చూసింది. గాభరా టీచరు బెంచీల మధ్య కాలు కాలిన పిల్లిలా తిరుగుతోంది.

"భయపడకండి. భయమేం లేదు. సున్నా దాటి బయటికి పోనివ్వకండి. టైము అయిపోతోంది, అయినా కంగారు పడకండి."

ఆ మాటతో అంతవరకూ నిమ్మళంగా ఉన్న పిల్లలు కూడా ఉలిక్కిపడ్డారు. ఒకడి పెన్సిలు ముల్లు పుటుక్కున విరిగింది. ఒక పిల్ల బాత్రూముకని లేచింది. దాని వెనకే సగం క్లాసు లేచింది.

సాయంత్రం హెడ్మిస్ట్రెస్ పిలిచి, "ఈసారి ఉమ్మడి పరీక్షకి మీరు ఒకటో తరగతిలో కూర్చోండమ్మా. వాళ్లకి పరీక్ష లేదు. మీ క్లాసుకి బొమ్మల మాస్టారు వెళ్తారు" అంది.

"నా మీద నమ్మకం లేదా మేడమ్?"

"మీ పాఠం మీద బోలెడంత ఉంది."

మిగతా సగం హెడ్మిస్ట్రెస్ చెప్పలేదు. ఈవిడ అడగలేదు.

పరీక్ష రోజున ఒకటో తరగతి పిల్లలు మట్టితో పాములు చేసుకుంటున్నారు. గాభరా టీచరు కిటికీ ఊచలు పట్టుకుని ఎదురు గదిలోకి చూస్తోంది. చిన్నప్పుడు పరీక్ష రాసి బయటికొస్తే గేటు దగ్గర నాన్న నిలబడి ఉండేవాడు. దారి పొడుగునా ఒక్కో ప్రశ్నా మళ్లీ అడిగేవాడు. ఇల్లు చేరేసరికి వచ్చిన జవాబు కూడా తప్పేమో అనిపించేది. ఆ దడ ఇంత వయసొచ్చినా వదల్లేదు. ఎదురు గదిలో బొమ్మల మాస్టారు గడ్డం ఛాతీకి ఆనించి హాయిగా కునుకు తీస్తున్నాడు.

"టీచర్, కడుపునొప్పా?" అని ఒక బుడ్డది కొంగలా మెడ చాచి అడిగింది.

"లేదమ్మా. కందకు లేని దురద, అంతే."

గంట కొట్టగానే మూడో తరగతి పిల్లలు గంతులేస్తూ వచ్చారు. "ఎలా రాశార్రా?" అంది ప్రాణాలు అరచేత పట్టుకుని.

"బాగా రాశాం టీచర్. మాస్టారు గురక పెట్టారు. మీరు లేకపోతే ఎంత ప్రశాంతంగా ఉందో."

అన్నవాడికి ఏ కల్మషమూ లేదు. ఆవిడకు మాత్రం ముల్లు దిగినట్టయింది. పట్టికలో క్లాసు రెండో స్థానంలో నిలిచి, అందరూ వచ్చి అభినందిస్తుంటే ఆ ముల్లు ఇంకాస్త లోపలికి పోయింది.

"నేను లేకపోతేనే బాగా రాశారు" అని రాత్రి భోజనాల దగ్గర కళ్లు తుడుచుకుంది.

"చొక్కా కుట్టేది నేను. తొడుక్కున్నవాడు ఉద్యోగానికి వెళ్తే నేనూ వెనకే వెళ్లి కాలరు సర్దుతూ కూర్చోనుగా" అన్నాడు భర్త.

"మీరు కుట్టిన కాలర్లకి ఆ అవసరం ఉంది" అంది ఆవిడ. అని, తనే ఫక్కున నవ్వింది.

మరుసటేడు బొమ్మల మాస్టారికి బదిలీ అయింది. వేరే ఎవరూ ఖాళీగా లేరు. ఈసారి గాభరా టీచరే కూర్చోవాలి. భర్త ఆలోచించి, బొత్తాలు లేని చొక్కాలు ఒక సంచీ నిండా కుక్కి ఇచ్చాడు. "నోరు తెరవాలనిపించినప్పుడల్లా ఒక బొత్తాం కుట్టు."

ఆవిడ వెనక కుర్చీలో కూర్చుని తల ఎత్తకుండా కుట్టింది. ముందు బెంచీ పిల్ల పెన్సిలు నములుతుంటే ఒక బొత్తాం. ఎవడో నిట్టూరిస్తే రెండు. గది నిశ్శబ్దంగా ఉంది. గంట కొట్టాక లేచేసరికి చొక్కా కూడా ఆవిడతోపాటే లేచింది. ఆఖరి బొత్తాంతో చొక్కాను, తను కట్టుకున్న చీరను కలిపి కుట్టేసింది. పిల్లలు పొట్టలు పట్టుకుని నవ్వారు. ఆవిడా నవ్వింది.

ఆ ఏడు నాలుగో స్థానం వచ్చింది. "రెండు నుంచి నాలుగుకి జారాం కదా మేడమ్" అంది హెడ్మిస్ట్రెస్‌తో.

"ఈసారి మీరు గదిలోనే ఉన్నారు కదమ్మా. నాకైతే ఇదే ఎక్కువ."

ఆ తర్వాత ఏ పరీక్షకూ ఆవిడను క్లాసు మార్చలేదు. పరీక్షల వారం దగ్గరపడుతుంటే దర్జీ మాత్రం బొత్తాల పని పక్కకు తీసి దాచిపెట్టేవాడు.