రూవియేర్ గారి కింది పన్ను

ఆన్సెల్మ్ రూవియేర్ గారికి తన పళ్ల మీద ఉన్న ప్రేమ పెళ్లాం మీద లేదని మా వీధి వాళ్లం ఆటపట్టించేవాళ్లం. ఆయన మా ఊరి నాటకశాలలో ఓబో అనే సన్నాయిలాంటి వాద్యం వాయించేవారు. పెదవులు పళ్ల మీదికి మడిచి, మధ్యలో సన్నటి రెల్లు ముక్క బిగించి ఊదాలి దాన్ని. పళ్లు గట్టిగా లేకపోతే ఆ పెదవికి ఆసరా ఉండదు. ఆయనకు సరిగ్గా కింది ముందు పన్నే కదిలింది.

డాక్టరు తీసేస్తానన్నాడు.

"సొనాటా అయ్యాక తియ్యండి. అప్పుడు కావాలంటే దవడంతా పట్టుకుపోండి" అన్నారీయన.

ఆ సొనాటా ఓబోకీ పియానోకీ కలిపి రాసిన సంగీత రచన, యుద్ధం తర్వాతది. ఆయనా, భార్య లెయోంతీనూ ఏళ్ల తరబడి ఇంట్లో సాధన చేశారు గానీ జనం ముందు ఎన్నడూ వాయించలేదు. ఆయన బతుకంతా పాడేవాళ్ల వెనక చీకట్లో కూర్చుని ఊదడంతోనే సరిపోయింది. ఒక్కసారి ముందుకొచ్చి నిలబడి, మొదటి నుంచి చివరిదాకా వాయించాలని ఆయన ఆశ. ఎట్టకేలకు పురపాలక భవనంలో ఒక ఆదివారం మధ్యాహ్నం దొరికింది.

"సూపు తప్ప ఏదీ ముట్టడే! రొట్టె చూస్తే దెయ్యాన్ని చూసినట్టు బెదిరిపోతున్నాడు" అని లెయోంతీన్ నా దగ్గర మొత్తుకునేది.

"నువ్వు తెచ్చేది రొట్టా, రాయా?" అనేవారాయన.

ఆ ఆదివారం పియానో దగ్గర లెయోంతీన్ పక్కన కూర్చుని స్వరాల పేజీలు తిప్పింది నేనే. మొదటి రెండు భాగాలు హాయిగా సాగాయి. మా రూవియేర్ గారేనా అని నోరెళ్లబెట్టాను. మూడోది నెమ్మదైనది. అందులో ఒక పొడుగాటి స్వరం మధ్యలో పగిలింది. మళ్లీ ఊదారు, గాలి తప్ప ఏమీ రాలేదు. రెల్లు మీద నెత్తురు. ఆయన ఓబో దించి, పక్కనున్న కుర్చీలో కూలబడ్డారు. నాకు ఏడుపు ముంచుకొచ్చింది. ముందు వరుసలో మేయరు గారు జాలిపడి చప్పట్లకు చేతులెత్తితే కొరకొరా చూశాను.

లెయోంతీన్ మాత్రం ఆపలేదు. ఆయన వాయించాల్సిన చోట్లు ఖాళీగా వదిలేస్తూ తన వంతు తను వాయించుకుంటూ పోయింది. ఒకచోట చేతులు పైకెత్తి ఆగింది. మర్చిపోయిందేమో అనుకుని గాభరాగా పేజీ తిప్పబోయాను.

"ఆగవే, తొందరేంటి? ఆయన్ని ఊపిరి వదలనీ" అంది మెల్లగా.

ఓబో వాళ్లకు గాలి చాలక కాదు బాధ. ఆ సన్నటి సందులోంచి పోలేక లోపలే మిగిలిపోతుంది. పాతది వదిలితే గానీ కొత్తది పట్టదు. ఇన్నేళ్లుగా ఆమె అక్కడ ఆయన కోసం ఆగుతూనే ఉందట.

కుర్చీలో రూవియేర్ గారు గట్టిగా ఊపిరి వదిలారు. హాలంతా వినబడింది. మళ్లీ పీల్చుకుని, ఒళ్లో ఉన్న ఓబో మీద వేళ్లు పెట్టారు. లెయోంతీన్ అందుకుంది. సొనాటా ముగిసేదాకా ఆ వేళ్లు ఆగలేదు.