అమ్మ చెప్పిన సాక్ష్యం

మా ప్రార్థనా మందిరం సైదాబాద్‌లో ఒక టైర్ల దుకాణం పై అంతస్తులో ఉంటుంది. అక్కడ ఆదివారం ప్రసంగానికి ముందు సాక్ష్యాలు చెబుతారు. దేవుడు చేసిన మేలును నలుగురి ముందు నిలబడి చెప్పడమన్నమాట. అందులో తప్పేమీ లేదు. మా పాస్టరయ్యే దానికొక మెలిక పెట్టాడు. మేలు జరగకముందే జరిగిపోయిందని చెప్పాలట, అదే అసలైన విశ్వాసమట.

పోయిన చలికాలం అమ్మ అరికాలిలో పుండు లేచింది. ఆమెకు చాలా ఏళ్లుగా షుగరు ఉంది. పాస్టరయ్య యాకుత్‌పురాలోని మా ఇంటికి వచ్చి, పుండుకు నూనె రాసి ప్రార్థన చేశాడు. ఆ ఆదివారమే అమ్మ తెల్లచీర కట్టుకుని, కుంటకుండా నడిచి ముందుకు వెళ్లి, తన కాలు బాగైందని సాక్ష్యం చెప్పింది. అందరికంటే గట్టిగా చప్పట్లు కొట్టింది నేనే.

నేను సర్కారు దవాఖానలో ల్యాబ్ టెక్నీషియన్‌ని. రోజూ ఎవరెవరి రక్తమో తీసి షుగరెంతో చెబుతాను. ఆ ఆదివారం తర్వాత మా అమ్మ వేలికి మాత్రం సూది గుచ్చలేదు. గుచ్చితే దేవుణ్ణి అనుమానించినట్టే అవుతుందని నాకు నేనే సర్దిచెప్పుకున్నాను. చదువుకున్న మూర్ఖురాలిని.

కొన్నాళ్లకు అమ్మ మేజోళ్లు అడిగింది. చలికేమోననుకుని అఫ్జల్‌గంజ్‌లో రెండు జతలు నేనే కొనిచ్చాను. ఎండలు ముదిరినా ఆమె వాటిని విప్పలేదు. ఒక మధ్యాహ్నం గదంతా వాసన వస్తుంటే బలవంతంగా లాగేశాను. అరికాలు మడమ దాకా నల్లబడిపోయి ఉంది.

ఎందుకు దాచావని అరిచాను. అమ్మ కాలును చీర కిందికి లాక్కుంది.

"నలుగురిల సాక్ష్యం చెప్పిన, బిడ్డా. ఇప్పుడు దవాఖానకు వోతె దేవుని మాట అబద్ధమైతది."

డాక్టర్లు మోకాలి కింద కాలు తీసేశారు.

సిలువ మీద నెత్తురోడి చనిపోయిన దేవుణ్ణి కొలిచేవాళ్లం మేము. అలాంటి మా మధ్యలో జబ్బు మనిషికి చోటు లేకుండా పోయింది. బాగుపడినవాళ్లకే మైకు ఇస్తారు. బాగుపడనివాళ్లు వెనక కుర్చీల్లో తల దించుకుని కూర్చుంటారు. ఇన్నేళ్లూ నేనూ వాళ్లను జాలిగా చూసినదాన్నే, ఆ పాపం నాకూ ఉంది.

అమ్మ ఇంటికి వచ్చాక పాస్టరయ్య పండ్లు పట్టుకుని వచ్చాడు. ఎక్కడో లోపల అవిశ్వాసం ఉండి ఉంటుందని నెమ్మదిగా అన్నాడు. నా ఒళ్లు మండిపోయింది. మరణాన్ని గెలిచి లేచిన ప్రభువే తన చేతుల గాయాలు శిష్యులకు చూపించాడు కదా, మా అమ్మ తన గాయాన్ని ఎందుకు దాచుకోవలసి వచ్చిందని అడిగాను. ఆయన ప్రార్థనకు కళ్లు మూసుకున్నాడు. వచ్చే ఆదివారం జరిగిందంతా మందిరంలో నిలబడి చెబుతానన్నాను.

అమ్మ నా చున్నీ పట్టుకుని ఆపింది. ఆ తర్వాత రెండు చేతులూ జోడించింది, నాకు కాదు, ఆయనకు.

"నా విశ్వాసమే సాలలే అయ్యగారూ. మాఫ్ చెయ్యుండ్రి."

ఆయన కళ్లు తెరిచి, ఆమె తల మీద చెయ్యి పెట్టి, క్షమించానన్నాడు.