చిన్నాయన గొంతున్న సీడీ

మొన్న ఆయుధపూజనాడు కుప్పంలో మా కోడలు ల్యాప్‌టాప్‌కు గంధం పెడుతుంటే, కుర్చీలోంచి లేచి వెళ్ళి ఆ బొట్టు ఎక్కడ పెడుతోందో చూసి మరీ వచ్చాను. ముసలాయనకు చాదస్తం ముదిరిందని నవ్వుకునే ఉంటుంది. నా ఈడువాళ్ళకు చెబితే అర్థమవుతుందని ఇది రాస్తున్నాను.

రెండువేల సంవత్సరం దాటి నాలుగైదేళ్ళయి ఉంటుంది, అప్పుడు నాకు కుప్పంలో ఒక కాలేజీ కంప్యూటర్ ల్యాబులో ఉద్యోగం. మా చిన్నాయనకు పుంగనూరు బస్టాండు దగ్గర పెళ్ళిపత్రికలు, అర్జీలు కంపోజ్ చేసే అంగడి ఉండేది. గడపలో ఎవరు కనబడినా "రాండప్పా, కూసోండి" అనకుండా ఆయన పని మొదలుపెట్టేవాడు కాదు. చిన్నమ్మ మాత్రం పరాయివాళ్ళ ముందు నోరు విప్పకుండా, వెనక కూర్చుని కాగితాలు కత్తిరించేది.

ఒక ఎండాకాలం ఆ కంప్యూటరు హార్డ్ డిస్క్ చచ్చిపోతే, సీడీ పెడితే చాలు దాన్నుంచే కంప్యూటరును నడిపే లినక్సు అనే సాఫ్ట్‌వేరు ఒకటి తెచ్చిచ్చాను. నడిచింది కానీ, దానికి నిన్న అనేది తెలియదు. చేసిన పత్రికను పెన్‌డ్రైవ్‌లో దాచుకోవచ్చు గానీ, కరెంటు పోయి వచ్చిందంటే తెలుగు అక్షరాలు, కీబోర్డు అమరిక అన్నీ మళ్ళీ మొదటికే. మన కరెంటు సంగతి మీకు చెప్పాలా! చిన్నాయన పట్టిన పట్టు విడవని మనిషి. ఆదివారాలు మదనపల్లెలో సీడీలు రాసే స్నేహితుడి అంగడికి పోయి, సీడీలో ఉన్నదంతా విప్పి, తన అక్షరాలూ తన కీబోర్డూ అందులో చేర్చి, మళ్ళీ మూటగట్టి కొత్త సీడీ మీద రాయించేవాడు. నడవని సీడీలన్నీ నిమ్మనపల్లె బంధువుల టమాటా తోటలో పిట్టలను బెదరగొడుతూ వేలాడాయి. చివరికి ఒకటి నడిచింది, ఎన్నిసార్లు ఆపి మళ్ళీ వేసినా తెలుగుతోనే లేచింది. ఆ సంబరంలో, మిషను లేవగానే పలికేటట్టు తన గొంతు కూడా అందులో పెట్టేశాడు: "రాండప్పా, కూసోండి."

ఆ మరుసటేడే గుండెపోటుతో పోయాడు.

చిన్నమ్మ అంగడి మూయలేదు. ఆయన వెనక కూర్చుని చూసి చూసి నేర్చుకున్న పనే కాబట్టి, వచ్చినవాళ్ళు కాగితం మీద రాసి తెచ్చింది చూసి కొట్టిచ్చేది. పొద్దున్నే తాళం తీసి, మిషను వేసి, ఆ గొంతు వినబడేదాకా నిలబడే ఉండి, తర్వాతే కూర్చునేది. కరెంటు పోతే ఊరంతా తిట్టుకునేవాళ్ళు, ఆమె ఒక్కతే తిట్టేది కాదు. వస్తూనే మళ్ళీ ఆయన పిలుస్తాడు కదా. సీడీని కుప్పం తీసుకుపోయి ఇంకో ప్రతి చేసి తెస్తానంటే ఒప్పుకోలేదు. "ఇయ్యను నాయనా, దోవలో యాడన్నా పోతే మళ్లా ఆయన్ను యాడనించి తెచ్చేది?" అంది. రాసిచ్చిన మదనపల్లె అంగడిని అప్పటికే ఎత్తేశారు.

ఆ ఏడు ఆయుధపూజకు ఆమె మిషను తుడిచి, సీడీ బయటికి తీసి, మెరిసే వైపే దాని ముఖమనుకుని, ఆ ముఖాన గంధం పూసి కుంకుమ పెట్టి దండం పెట్టుకుంది. మిషను చదివేది ఆ వైపునే, మర్నాడు దాన్ని చదవలేదు. ఎండిన గంధాన్ని తడికొంగుతో రుద్దితే గీతలు కూడా పడ్డాయి. కబురందగానే బస్సెక్కి పోయి, నాకు తెలిసినవన్నీ చేసి చూశాను, లేవలేదు. "నా చేత్తోనే పూసినానప్పా" అని మాత్రం అంది. ఆ మాట తలచుకుంటే నాకిప్పటికీ ఏడుపొస్తుంది.

పాత హార్డ్ డిస్కొకటి తెచ్చి బిగిస్తే పని సాగింది, మిషను మాత్రం మాట్లాడలేదు. నేనింకా అక్కడ ఉండగానే ఒక రైతు అర్జీ కోసం వచ్చి గడపలో తటపటాయిస్తూ నిలబడ్డాడు. ఎన్నడూ తానుగా పరాయి మగవాళ్ళను పలకరించని చిన్నమ్మ, తల వంచుకునే, అచ్చం చిన్నాయన అన్నట్టే "రాండప్పా, కూసోండి" అంది. ఆమె బతికినన్నాళ్ళూ ఆ అంగట్లో ఆ మాట ఆగలేదు.

ఆమె పోయింది, అంగడీ పోయింది. ఇప్పుడు ఆ వీధిలో అదే పనికి ఎవరి దగ్గరికి పోయినా తల ఎత్తకుండా ఏం కావాలని అడిగి, నిలబెట్టే, నిమిషంలో ముగించి పంపిస్తారు.