చివరిదాకా ఆడిన డిస్కు

ఆకివీడులో మా వీధి మొదట్లో వీడియోలు తీసే ఆయన ఒకరు ఉండేవారు. పెళ్ళయినా, బాప్తిస్మమయినా డిస్కు చేతికిచ్చి పంపేసేవారు కాదు. తనే ఇంటికి తెచ్చి, మన ప్లేయర్లో వేసి, అయిపోయేదాకా కూర్చునేవారు.

"మా కంప్యూటర్లో ఆడిందని మీ ప్లేయర్లో ఆడుద్దని లేదండీ. మొదలు బానే ఉంటది, చివర్లో ఆగిపోద్ది" అనేవారు.

అక్క పెళ్ళి డిస్కు తెచ్చినప్పుడు "మేం చూసుకుంటాం కదండీ" అని అమ్మ ఎంత చెప్పినా కదల్లేదు. ఇచ్చిన టీ చల్లారిపోతున్నా పట్టించుకోకుండా, కుర్చీ అంచున కూర్చుని, తను తీసిన పెళ్ళినే కొత్తగా చూస్తున్నట్టు చూశారు. ఇదేం చాదస్తమో అనుకున్నాం.

నాన్న పోయాక ఒక సాయంత్రం భూస్థాపన వీడియో తెచ్చారు. ఎప్పటిలాగే ప్లేయర్లో వేసి కుర్చీ అంచున కూర్చున్నారు. తెర మీద పాట మొదలవగానే అమ్మ వంటింట్లోకి వెళ్ళిపోయింది. అన్నయ్య చెప్పులేసుకుని చేపల చెరువు గట్టుకు పోయాడు. నేను వరండాలో నిలబడ్డాను. లోపల ఆయన సౌండు బాగా తగ్గించుకుని ఒక్కరే చూస్తున్నారు.

చాలాసేపటికి బయటికొచ్చి, "పెట్టె దించేదాకా ఎక్కడా ఆగలేదండీ. మట్టి వేసింది కూడా వచ్చింది. మీకెప్పుడు చూడాలనిపిస్తే అప్పుడు చూసుకోండి" అన్నారు.

ఇప్పుడు మా ఇంట్లో ప్లేయరు లేదు. డిస్కు అమ్మ బీరువాలో ఉంది. మాలో ఎవరమూ దాన్ని ఒక్కసారైనా వేయలేదు. ఆ సాయంత్రం నాన్న దగ్గర చివరిదాకా కూర్చున్నది ఆయనొక్కరే.